పడ్డ ముక్క జ్ఞాపకం

సికింద్రాబాద్‌లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఒకటి ఉండేది. 1963 మే నెలలో పోలీసులు దాని మీద దాడి చేశారు. లోపల బల్ల చుట్టూ కూచుని కొందరు డబ్బులు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. పేకా డబ్బూ స్వాధీనం చేసుకుని, క్లబ్బు సెక్రటరీతో సహా కేసు పెట్టారు. తెలుగు పేపర్లు చదివేవాళ్లకి ఇదేమీ వింత వార్త కాదు. మా అనకాపల్లి వైపు సంక్రాంతికి ముందూ వెనకా జిల్లా పేజీలో ఇలాంటివి వస్తూనే ఉంటాయి: పేకాట శిబిరంపై దాడి, ఇంతమంది అరెస్టు, ఇంత నగదు స్వాధీనం. ఆడినవాళ్లకి 'పేకాటరాయుళ్లు' అని బిరుదు కూడా. తాగేవాణ్ణి తాగుబోతు అని, తినేవాణ్ణి తిండిపోతు అని తీసిపారేసిన భాష, పేకాడేవాడికి మాత్రం రాయలవారి పేరు తగిలించింది. వెటకారమే అనుకోండి. కానీ ఆ వెటకారంలో కాస్త మర్యాద కూడా ఉందని నాకెప్పుడూ అనుమానం.

సికింద్రాబాద్ కేసు మాత్రం జిల్లా పేజీలో ఆగలేదు. నిజాం కాలం నాటి హైదరాబాద్ గాంబ్లింగ్ చట్టం (1305 ఫస్లీలో వచ్చింది, అంటే 1895-96 ప్రాంతం) కింద మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. హైకోర్టు కొట్టేసింది. రాష్ట్ర ప్రభుత్వం ఊరుకోక సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1967 నవంబరు 22న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హిదాయతుల్లా. ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, 1969లో కొన్నాళ్లు తాత్కాలిక రాష్ట్రపతిగా కూడా ఉన్నాడు. పేకాట గురించి ఇంత పెద్దమనిషి తీరిగ్గా ఆలోచించిన సందర్భం మన దేశంలో ఇంకోటి ఉందో లేదో.

ఆయన వాదన ఇది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం. రమ్మీ అలా కాదు. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి. ముక్కలు పంచడంలో ఉన్న అదృష్టం బ్రిడ్జిలోనూ ఉంది, దాన్ని జూదం అనడం లేదు కదా. కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట. క్లబ్బు వాళ్లు వసూలు చేసే రుసుముల గురించి కూడా ఆలోచించాడు. బిలియర్డ్స్‌కీ టెన్నిస్‌కీ క్లబ్బులు డబ్బు తీసుకుంటాయి, పేకకీ తీసుకుంటాయి, వేళ దాటి కూచుంటే లేటు ఫీజు వేస్తాయి, అంతమాత్రాన అది జూదపు కొంప అయిపోదన్నాడు. మరో రకంగా జూదం నడుస్తోందని, లేదా నిర్వాహకుడు ఆట మీద లాభం చేసుకుంటున్నాడని రుజువైతే సంగతి వేరని ఒక తలుపు తెరిచే ఉంచాడు. ఆ తలుపు దగ్గరికి మళ్లీ వస్తాను.

ఈ తీర్పు నా చేతికి రమ్మీ మీద ఆసక్తితో రాలేదు, బ్లాక్‌జాక్ నేర్చుకుంటుంటే వచ్చింది. కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఒక పెళ్లికొడుకు పేరు మీద గోవా ప్రయాణం అనుకున్నారు. కాసినో పడవ ఎక్కుతామన్నారు. గ్రూపుల్లో అనుకునే గోవా ప్రయాణాలు ఏమవుతాయో మీకు తెలుసు. అది ఆగిపోయింది. నేర్చుకుందామని దింపుకున్న రంగురంగుల చార్టు మాత్రం నా దగ్గర ఉండిపోయింది. ఉద్యోగరీత్యా ప్రోగ్రాములు రాసేవాణ్ణి కనక, ఆ చార్టులో ప్రతి గడీ ఎందుకు అలా ఉందో లెక్కకట్టి చూడాలనిపించింది.

ఆట తెలియనివాళ్లకి క్లుప్తంగా చెప్తాను. మనకి రెండు ముక్కలు, డీలర్‌కి రెండు. డీలర్ ముక్కల్లో ఒకటే పైకి కనపడుతుంది. రాజు, రాణి, జాకీ అన్నీ పదే. ఆసు ఒకటి గానీ పదకొండు గానీ. 21 దాటితే పోయినట్టే. ఇంకో ముక్క తీసుకోవాలా, చాలనాలా అన్నది మనిష్టం. డీలర్‌కి ఆ ఇష్టం లేదు. 16 దాకా తీసి తీరాలి, 17 వస్తే ఆగి తీరాలి. ఒక వైపు మనిషి, ఇంకో వైపు మనిషి వేషంలో ఒక నియమం. ఈ ఆటని లెక్కకి లొంగదీసింది ఆ నియమమే.

లొంగదీసినవాళ్లు నలుగురు. రోజర్ బాల్డ్విన్, విల్బర్ట్ కాంటీ, హెర్బర్ట్ మైసెల్, జేమ్స్ మెక్‌డెర్మట్. 1950ల మొదట్లో మేరీల్యాండ్‌లోని అబెర్డీన్ ప్రూవింగ్ గ్రౌండ్ అనే సైనిక స్థావరంలో పనిచేస్తూ, బారక్స్‌లో ఆడుకునే పేకాటలో పుట్టిన ప్రశ్నని నెలల తరబడి బల్లమీది కాలిక్యులేటర్లతో లెక్కకట్టారు. ఫలితం 1956 సెప్టెంబరులో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. ఈ రోజు ప్రతి కొత్త ఆటగాడి చేతికీ ఇచ్చే 'బేసిక్ స్ట్రాటజీ' చార్టుకి మూలం అదే. తర్వాత కంప్యూటర్లు వచ్చి సరిచూస్తే వాళ్ల సలహాలు దాదాపు అన్నీ నిలబడ్డాయి. నా ల్యాప్‌టాప్ నేను కాఫీ కలుపుకునే లోపు లక్షల ఆటలు ఆడేసింది. చేత్తో మీటలు నొక్కి అదే జవాబుకి చేరినవాళ్లని తలుచుకుంటే కొంచెం సిగ్గేసింది.

చార్టులో కొన్ని గడులు కొత్తవాడికి సులువుగానే తలకెక్కుతాయి. రెండు ఆసులొస్తే విడదీయి. రెండు ఎనిమిదులొచ్చినా విడదీయి, ఎందుకంటే పదహారు అంత చెడ్డ చెయ్యి ఇంకోటి లేదు. రెండు పదులొస్తే ముట్టుకోకు, ఇరవై చేతిలో ఉండగా ఆశపడకు. డీలర్ దగ్గర ఆరు కనపడుతుంటే నీకు పన్నెండే ఉన్నా ఆగు, అలాంటప్పుడు డీలర్ వందకి 42 సార్లు 21 దాటి పోతాడు. డీలర్‌కి ఆసు కనపడినప్పుడు ఇన్సూరెన్స్ అని ఒక పక్క పందెం ఇస్తారు. పేరు చూసి భద్రత అనుకుంటాం. నిజానికి కింద ఉన్నది పది విలువ ముక్క అని కాసే వేరే పందెం. ఒకటికి రెండు ఇస్తారు, అది పడేది మాత్రం పదమూడింట నాలుగు వంతులు. మూడోవంతుకి తక్కువ. అంటే కంపెనీకే లాభం, అది కూడా అసలు ఆట మీద వచ్చేదానికన్నా ఎన్నో రెట్లు.

నన్ను పట్టుకున్న గడి ఇంకోటి. నీ దగ్గర పదహారు, డీలర్ దగ్గర పది. తీస్తే పదమూడింట ఎనిమిది వంతులు నువ్వు పోతావు. ఆగితే డీలర్ పదిహేడో ఇరవయ్యో చూపిస్తాడు. చార్టు తీయమంటుంది. ఎంత మేలు కోసం? వంద రూపాయల పందెం మీద ఆగితే సగటున 54 రూపాయల 4 పైసలు పోతాయి. తీస్తే 53 రూపాయల 98 పైసలు. ఆరు పైసలు! బల్ల దగ్గర జనం ఊపిరి బిగబట్టి, దేవుణ్ణి తలుచుకుని, పక్కవాణ్ణి తిట్టుకుని తేల్చుకునే నిర్ణయం విలువ ఆరు పైసలు. మిగిలిన యాభై నాలుగు రూపాయలూ ముక్కలు పంచినప్పుడే పోయాయి.

కొత్తవాడికి ఈ చార్టు నేర్పేది గెలవడం కాదు. మనసుకి తోచినట్టు కాకుండా డీలర్‌ని అనుకరించి పదిహేడు దాకా తీస్తూపోతే వంద పందెం మీద అయిదున్నర రూపాయలు పోతాయి. చార్టు తు.చ. తప్పకుండా పాటిస్తే, బ్లాక్‌జాక్ పడినప్పుడు రెండుకి మూడు ఇచ్చే మంచి బల్ల మీద, అర్ధరూపాయి పోతుంది. పోవడం మాత్రం ఖాయం. అందుకే లాస్ వేగస్‌లో ఆ చార్టుని అట్టముక్క మీద అచ్చువేసి దుకాణాల్లో అమ్ముతారు. చాలాచోట్ల బల్ల దగ్గర పట్టుకుని చూసుకుంటూ ఆడినా ఏమీ అనరు. నువ్వు ఓడే వేగం తగ్గించుకుంటే వాళ్లకేం బాధ? ఇంకాస్త సేపు కూచుంటావు.

వాళ్లకి బాధ కలిగించినవాడు ఎడ్వర్డ్ థోర్ప్. ఎంఐటీలో లెక్కలు చెప్పే కుర్రాడు. ఆ నలుగురి వ్యాసం చదివాడు, వాళ్ల లెక్కల కాగితాలు తెప్పించుకున్నాడు, తనంతట తాను ఫోర్‌ట్రాన్ నేర్చుకుని ఐబీఎం 704 మీద పని మొదలుపెట్టాడు. అతను అడిగింది ఒకటే ప్రశ్న. పేక కలిపాక పడ్డ ముక్కలు మళ్లీ రావు కదా, మరి మిగిలిన పేక ప్రతిసారీ ఒకలాగే ఉందని ఎందుకనుకోవాలి? ఐదులు ముందే పడిపోతే పేక ఆటగాడి వైపు వాలుతుంది. పదులూ ఆసులూ ఎక్కువ మిగిలినా అంతే. అలాంటప్పుడు పందెం పెంచు, లేనప్పుడు తగ్గించు. 1961 జనవరిలో వాషింగ్టన్‌లో గణితవేత్తల సమావేశంలో చదివాడు, 1962లో 'బీట్ ది డీలర్' పుస్తకం వేశాడు. 1964లో వేగస్ కాసినోలు కంగారుపడి ఆట నియమాలు బిగించాయి. జనం బల్లల దగ్గరికి రావడం మానేస్తే కొద్ది వారాల్లోనే మళ్లీ సడలించాయి. ఆ తర్వాత అంతకన్నా సులువైన మార్గం పట్టాయి: ముక్కలు లెక్కపెడుతున్నాడనిపించినవాణ్ణి బయటికి నడిపించడం.

ఇక్కడే నాకు సికింద్రాబాద్ గుర్తొచ్చి ఆ తీర్పు వెతుక్కున్నాను. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1962లో థోర్ప్ పుస్తకం. 1963లో క్రెసెంట్ క్లబ్ మీద దాడి. 1964లో వేగస్ కంగారు. 1967లో హిదాయతుల్లా తీర్పు. ఒకే దశాబ్దంలో, ఒకే పని, పడ్డ ముక్కని గుర్తుపెట్టుకోవడం, నెవాడాలో మనిషిని బల్ల దగ్గర నుంచి లేపేసింది, తెలుగునేల మీద మనిషిని జైలు నుంచి తప్పించింది. జ్ఞాపకశక్తి ఉందని ఒకచోట గెంటేశారు, జ్ఞాపకశక్తి కావాలి కనకే ఇంకోచోట వదిలేశారు. అమెరికాలోనూ ఇది కోర్టుకెక్కింది. కెన్ ఉస్టన్ అనే లెక్కగాణ్ణి అట్లాంటిక్ సిటీ కాసినో ఒకటి బయటపెడితే, 1982లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు అలా సొంతంగా గెంటే హక్కు కాసినోకి లేదంది. కాసినోలు తీర్పుని శిరసావహించి, బల్ల మీద పేకల సంఖ్య పెంచాయి, ముక్కలు మాటిమాటికీ కలపసాగాయి. జ్ఞాపకం ఉంచుకో బాబూ, జ్ఞాపకం ఉంచుకోవడానికి ఏమీ మిగల్చం అన్నమాట.

రమ్మీలో జ్ఞాపకం విలువ మనవాళ్లకి కోర్టు చెప్పాల్సిన పని లేదు. మాకు పెదనాన్న వరసాయన ఒకాయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో పనిచేసేవాడు. వేలంపాట అయ్యాక మధ్యాహ్నాలు ఆట. పిల్లలం వెనక చేరి చూస్తుంటే పాఠాలు చెప్పేవాడు: "నీ సేతిలో ఏటున్నాయో తరవాత సూసుకోవచ్చురా, ముందు ఎదుటోడు ఏటెత్తాడో సూడు. పడ్డ ముక్క గ్యాపకం లేనోడు పేక ముట్టుకోకూడదు." హిదాయతుల్లా గారు ఇంగ్లీషులో రాసింది దాదాపు ఇదే. ఎదుటివాడు కళావరు ఏడు ఎత్తాడంటే నువ్వు కళావరు ఎనిమిది కొట్టకూడదు. లైఫ్ పడకుండా బొమ్మ ముక్కలు పట్టుకు కూచోకూడదు. చెయ్యి బాగాలేకపోతే మొదట్లోనే డ్రాప్ చేసి కొద్ది పాయింట్లతో బయటపడాలి, ఫుల్ కౌంట్ ఇచ్చేదాకా లాగకూడదు. ఆ డ్రాప్ అన్నది ఆరుపైసల గడికి చుట్టం. గెలిపించదు, పోయేదాన్ని తగ్గిస్తుంది.

ఓడిపోయాక విద్య నేర్చుకోవడం అనే కథ మనకి ఇంకా పాతది. నన్నయ అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉంది కదా. పెళ్లిదాకా అందరికీ తెలుసు, హంసా అదీ. నాకు ఇష్టమైనది తర్వాతి ఘట్టం. రాజ్యం పాచికల్లో పోగొట్టుకుని, బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడికి రథం తోలుతుంటాడు నలుడు. దారిలో ఒక తాని చెట్టు చూపించి, దీనికి ఇన్ని ఆకులు, ఇన్ని కాయలు అని చెప్తాడు రాజు. నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు కొట్టి లెక్కపెడతాడు. సరిపోతుంది. అదెలా అంటే, పాచికల మర్మం తెలిసినవాణ్ణి కనక లెక్కా తెలుసంటాడు రాజు. నలుడు గుర్రాల విద్య ఇచ్చి ఆ విద్య పుచ్చుకుంటాడు. ఆనాటి పాచికలు ఆ తానికాయలే, త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయల పక్కన ఉండే తానికాయ. కొమ్మ చూసి చెట్టంతా అంచనా కట్టడానికీ జూదానికీ సంబంధం ఉందని ఆ కథ చెప్పినవాళ్లకి తెలుసు. సంభావ్యత చరిత్ర రాసిన ఇయాన్ హాకింగ్ కూడా తన పుస్తకంలో ఈ ఘట్టం దగ్గర ఆగాడు.

ఈ కథ ఎవరు ఎవరికి చెప్తున్నారన్నది ఇంకా ఆసక్తికరం. బృహదశ్వుడనే ముని, అడవిలో, అప్పటికే అంతా పోగొట్టుకున్న ధర్మరాజుకి చెప్తాడు. కథ అయ్యాక అక్షవిద్య కూడా నేర్పుతాడు. అంటే ధర్మరాజు మన సాహిత్యంలో చార్టు నేర్చుకున్న తొలి బిగినర్లలో ఒకడు, అదీ ఆట అయిపోయాక. తిక్కన విరాటపర్వంలో కంకుభట్టుగా విరాటుడితో జూదమాడుతూ కనపడేది ఆ విద్యతోనే. శకునితో మళ్లీ ఆడి రాజ్యం గెలుచుకోవడు మాత్రం. నలుడు పుష్కరుడితో మళ్లీ కూచున్నాడు, ఒక్క పందెంలో అంతా వెనక్కి తెచ్చుకున్నాడు. వ్యసనపరుడికి నచ్చే కథ నలుడిది. లెక్క తెలిసినవాడు నడిచే దారి ధర్మరాజుది. రెండూ ఒకే పర్వంలో పక్కపక్కనే పెట్టారు.

ఇక ఆ తెరిచి ఉంచిన తలుపు. పెదనాన్న వాళ్ల ఆటలో ఇల్లిచ్చినవాడికి టీలకీ కరెంటుకీ అని కొంత పక్కన పెట్టేవారు. క్రెసెంట్ క్లబ్ రుసుమూ అలాంటిదే. ఇవాళ రమ్మీ ఫోన్‌లోకి వచ్చాక బల్ల కంపెనీది, రుసుమూ కంపెనీదే, ప్రతి ఆటలోనూ. లెక్క కోసం ఆరుగురు తలా వంద పెట్టి ఆడుతున్నారనుకుందాం, నిర్వాహకుడు ఆటకి పది శాతం, అంటే అరవై, తీసుకుంటాడనుకుందాం. ఒక్కొక్కడి దగ్గర వెయ్యి ఉంటే బల్ల మీద మొత్తం ఆరువేలు. ఎవడూ కొత్త డబ్బు తేకుండా అదే పందెం మీద సాగితే వంద ఆటలకి ఆ ఆరువేలూ నిర్వాహకుడివి. ఫోన్‌లో ఆటకి మూడు నిమిషాలు. అయిదు గంటల్లో అయిపోయింది. ఎవడికి ఎంత జ్ఞాపకం ఉందన్నది, ఆ డబ్బు ఏ వరసలో ఖాళీ అవుతుందో మాత్రమే నిర్ణయిస్తుంది.

దీన్నే బ్లాక్‌జాక్ పక్కన పెట్టండి. గంటకి అరవై చేతులు, చేతికి వంద, చార్టు చూసుకుంటూ. గంటకి సగటున ముప్పై రూపాయలు పోతాయి. పైన చెప్పిన రమ్మీలో గంటకి ఇరవై ఆటలు, సగటు ఆటగాడికి ఆటకి పది చొప్పున రెండువందలు. మనం జూదం అని ముక్కు మూసుకునే ఆటలో ముప్పై, నైపుణ్యం అని కోర్టు గౌరవించిన ఆటలో రెండువందలు. నైపుణ్యం ఉన్నవాడు గెలుస్తాడు, నిజమే. గెలిచేది పక్కవాడి దగ్గర. డీలర్‌కి కనీసం మొహం ఉంది, ఎదురుగా కూచుంటాడు.

1967 తీర్పులో ఆ ఒక్క వాక్యాన్ని, పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలన్నదాన్ని, ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏళ్ల తరబడి కవచంలా తొడుక్కున్నాయి. పక్కనే ఉన్న రెండో సగం, నిర్వాహకుడు ఆట మీద లాభం చేసుకుంటే సంగతి వేరన్నది, ప్రకటనల్లో ఎప్పుడూ కనపడలేదు. టీవీలో యాడ్ చివర ఆర్థిక నష్టం రావచ్చు, వ్యసనం కావచ్చు అని ఊపిరి తిప్పుకోకుండా చదివేవారు కదా, ఆ వేగమే చెప్తుంది ఆ మాట ఎవరికోసమో. 2017లో తెలంగాణ, 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ తమ గేమింగ్ చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. అంటే రమ్మీని కాపాడిన కేసు పుట్టిన నేలే రమ్మీ మీద ముందుగా తలుపు మూసింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్ననే పక్కన పెట్టేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. దాని మీదా కేసులు పడ్డాయి.

నిషేధం నాకు పూర్తిగా నచ్చిందని చెప్పలేను. జ్ఞాపకం ఉన్నవాడికి ఒక ఆట ఉండాలనే అనిపిస్తుంది. కానీ అరవై ఏళ్లుగా మనం కోర్టుల్లో వాదించుకున్నది ఆటలో నైపుణ్యం ఎంత అని. బల్ల ఎవరిది, ఆటకి ఎంత తీసుకుంటున్నాడు అని అడిగి ఉంటే, లెక్క ఒక కాగితం ముక్క మీద తేలిపోయేది. పెదనాన్న పాఠాల్లో అదీ ఉండేది. కొత్తచోట ఆటకి పిలిస్తే ఆయన మొదట అడిగేది పాయింటు ఎంత అని కాదు, "ఇల్లెవుడిది?" అని.